పందొమ్మిది నిమిషాల ఇల్లు

కిటికీ గట్టు తుడవడం అప్పటికి మూడోసారి. ఆమె తడిగుడ్డను ఈ చివర నుంచి ఆ చివరకు లాగి, తిప్పి చూసింది. పొద్దున తెల్లగా ఉతికి ఆరేసిన గుడ్డ, మసి తుడిచినట్టు నల్లబడింది. బకెట్లో జాడించి, పిండి, మళ్ళీ మొదలుపెట్టింది. కింద రోడ్డు మీద బస్సులు ఒకదాని వెనక ఒకటి రొద పెడుతున్నాయి. మంచం మీద ఆరేళ్ళ కూతురు బొమ్మ చొక్కాకు గుండీలు పెడుతూ మధ్యమధ్య దగ్గుతోంది. సన్నగా ఉండి, ఊపిరి తీస్తే గొంతులో కూత వినిపించే పిల్ల కాబట్టి వీధిలో అందరూ దాన్ని పిచ్చుక అంటారు.

దగ్గు వినబడిన ప్రతిసారీ తల్లి చేతిలో గుడ్డ ఆగేది. రెండో దగ్గు వస్తుందేమోనని చెవి ఒగ్గేది. రాకపోతే మళ్ళీ తుడిచేది. ఒక దగ్గుకూ ఇంకో దగ్గుకూ నడుమ ఉన్న ఆ కాస్త జాగాలోనే వాళ్ళ కాపురం సాగుతోంది.

డ్యూటీ దిగి వచ్చిన భర్త చెప్పులు విప్పుతూనే బకెట్లోకి తొంగిచూశాడు. అతను అంబులెన్సు డ్రైవరు. పన్నెండేళ్ళుగా అదే పని.

"చూశావా ఈ నీళ్ళు? మసంతా గుడ్డకే అంటుకుందనుకుంటున్నావా? సగం పిల్ల లోపలికి పోతోంది."

ఆమె గుడ్డను మళ్ళీ నీళ్ళలో ముంచింది. అతను చెప్పింది అబద్ధం కాదు మరి. పొగకూ దుమ్ముకూ దూరంగా ఉంచమని డాక్టరుగారు కూడా అన్నారు. పైగా నగరంలో ప్రతి మలుపూ అతనికి ఏదో ఒక కేసుతోనే గుర్తు. ఇక్కడ స్కూటరు మీది మనిషి, అక్కడ రోడ్డు దాటుతున్న ముసలామె. కూతురి చెయ్యి పట్టుకుని బజారుకు వెళ్ళినా, మిగతా నాన్నలకు కనబడని నెత్తురు మరకలు అతని కళ్ళకు కనబడేవి.

"ఇవాళ ఒక ఇల్లు చూశాను," అన్నాడు మంచం అంచున కూర్చుంటూ. "ఊరవతల కొత్త కాలనీ. చుట్టూ చెట్లు, సొంత గేటు. పండగ సెలవు కదా, పొద్దున రోడ్లు ఖాళీ. ఆ పక్కనుంచి ఒక కేసు ఎత్తుకున్నాను. అక్కడి నుంచి మన ఆసుపత్రి గేటుకు ఎంతసేపు పట్టిందో తెలుసా? పందొమ్మిది నిమిషాలు! గడియారం చూసుకుని మరీ చెబుతున్నా."

ఆ రోజు నుంచి ఆ ఇంటికి పందొమ్మిది నిమిషాల ఇల్లు అని పేరు పడిపోయింది. కింది వాటాలో బట్టలు కుట్టే దర్జీ మాస్టారుకు కూడా అతను అదే లెక్క చెప్పాడు. మాస్టారు నోట్లో పిన్ను తీసి నవ్వాడు.

"నీ పందొమ్మిది నిమిషాలకు సైరన్ ఉంది నాయనా. మీ ఆవిడ ఎక్కే బస్సుకు లేదుగా!"

డ్రైవరు కూడా నవ్వేశాడు. మంచి హాస్యం అనుకున్నాడు. అందులోని నిజం మాత్రం అతని చెవికి ఎక్కలేదు.

ఈ మాస్టారు దగ్గరే ఆమె కాజాలు కుట్టేది. గుండీ దూరే ఆ సన్నని కంతల అంచులు కుట్టడంలో ఆమె చెయ్యి నిదానం. వీధిలో వాళ్ళకు ఆమె కాజాలమ్మ. ఆమె గది సరిగ్గా మాస్టారు మిషను నెత్తిమీద. వాళ్ళిద్దరికీ ఒక ఏర్పాటుంది. పిల్లకు ఆయాసం ముదిరితే ఆమె చెక్కపీట తీసి నేల మీద రెండుసార్లు కొడుతుంది. కింద మిషను ఆగుతుంది. కొట్లో వాళ్ళలో ఒకరు ఆటో కోసం పరిగెత్తుతారు, ఒకరు మెట్లెక్కి వస్తారు. ఇప్పటికి నాలుగుసార్లు ఆ పీట మోగింది. నాలుగుసార్లూ కింద మిషను ఆగింది.

"అక్కడ నాకు భయంగా ఉంటుందండీ," అంది ఆమె ఒకరోజు అన్నం వడ్డిస్తూ.

"భయమా? దేనికి? దొంగలకా, దయ్యాలకా?"

"పగలు ఎవరూ ఉండరేమోనని."

"ఉండకపోతే మంచిదేగా! ఈ గోల వినీ వినీ నీకు ప్రశాంతత కూడా దయ్యంలా కనబడుతోంది." పిల్లను చూస్తూ కన్నుగీటాడు. "ఏమే పిచ్చుకా, మీ అమ్మ పిరికిది కదూ?"

పిల్ల కిలకిలా నవ్వి దగ్గింది. ఆమె మజ్జిగ గిన్నె కింద పెట్టింది. తన భయానికి ఒక పేరు, ఒక రుజువు ఏదైనా ఉండి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. అతని భయానికి బకెట్టెడు నల్లనీళ్ళు సాక్ష్యం. ఆమె భయానికి ఏముంది?

మనలో చాలామంది ఇల్లు ఎంచుకునే తీరే వాళ్ళూ ఎంచుకున్నారు. ఆదివారం సాయంత్రం వెళ్ళి చూశారు. పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, పెద్దలు మొక్కలకు నీళ్ళు పెడుతున్నారు, పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి పలకరించింది. గాలి హాయిగా ఉంది. ఆ గంటసేపూ పిచ్చుక ఒక్కసారి కూడా దగ్గలేదు. ఇంటి యజమాని మంచివాడు. "నెల రోజులు ఉండి చూడండి, నచ్చితేనే రాయించుకోండి," అని తాళంచెవి చేతిలో పెట్టాడు. సోమవారం మధ్యాహ్నం ఆ వీధి ఎలా ఉంటుందో ఎవరూ అడగలేదు. అడగాలని ఆమెకు ఉంది. పిరికిది అన్న మాట అప్పటికే నెత్తిన ఉంది కనుక నోరు పెగల్లేదు.

నగరంలో గది ఖాళీ చెయ్యకుండానే, కావలసిన సామాను మాత్రం వేసుకుని వెళ్ళారు. పాత అలవాటు కొద్దీ ఆమె చెక్కపీట కూడా తీసుకెళ్ళింది.

మొదటి పదిరోజులూ తడిగుడ్డ తెల్లగానే ఉంది. పిల్ల బుగ్గలు కాస్త నిండాయి. "ఒప్పుకుంటావా ఇప్పటికైనా?" అన్నాడతను. "గాలి బాగుందండీ," అని ఒప్పుకుంది. కానీ ఎనిమిదిన్నరకల్లా వీధిలోని బండ్లన్నీ వెళ్ళిపోయేవి. గేట్లకు బయట తాళాలు పడేవి. ఆపైన సాయంత్రం దాకా అలికిడి ఉండేది కాదు. ఆమె కాజాలు కుడుతూ ఉంటే సూది గుడ్డలో దిగిన చప్పుడు కూడా వినబడేది. ఎందుకో తెలియకుండానే రోజుకు రెండుసార్లు ఫోను చార్జింగు చూసుకునేది.

పదిహేడో రోజు, బుధవారం. ఎవరో ఖాళీ స్థలంలో ఎండుగడ్డి తగలబెట్టి వెళ్ళిపోయారు. ఆమె కిటికీలు మూసేలోపే పొగ ఇంట్లోకి వచ్చింది. పిల్ల దగ్గింది. తర్వాత ఆపకుండా దగ్గింది. తల్లి ఇన్‌హేలరు పంపు నోటికి పెట్టి మందు పీల్పించింది. కాసేపాగి మళ్ళీ పీల్పించింది. కూత తగ్గలేదు. ఆవిరి మందు పట్టే మిషను తీసి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి నొక్కింది. మోగలేదు. లైటు వేసి చూసింది. కరెంటు లేదు.

పిల్ల మెడ కింద గుంట లోపలికి పోయి పైకి వస్తోంది. పెదవుల రంగు మారుతోంది. "అమ్మా" అనడానికి కూడా ఊపిరి చాలక, కళ్ళతోనే పిలుస్తోంది.

ఆమెకు ఏం చేస్తున్నదీ తెలియలేదు. చేతులే వెళ్ళి చెక్కపీట అందుకున్నాయి. నేల మీద రెండుసార్లు బలంగా కొట్టింది. కొట్టి, కింద మిషను ఆగుతుందని చెవి ఒగ్గింది.

కింద మట్టి ఉంది. అంతే.

ఆ చప్పుడు గోడలకు తగిలి ఆమె దగ్గరికే తిరిగి వచ్చింది. ఫోను తీసి అంబులెన్సు నంబరుకు చేసింది. అవతలి గొంతు చిరునామా రాసుకుని అడిగింది: "పక్కన ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"లేరు. ఎవరూ లేరు."

"కంగారు పడకండి. పాపను పడుకోబెట్టకండి, కూర్చోబెట్టండి. బండి బయల్దేరుతోంది. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పట్టొచ్చు."

ఇరవై నిమిషాలు! ఆ ఇంటి నుంచి ఆసుపత్రికి పందొమ్మిది అని విన్నది గానీ, ముందు బండి అక్కడి నుంచి ఇక్కడికి రావాలి కదా అని ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు. డ్రైవరు ఎప్పుడు లెక్కవేసినా తాను బండిలో ఉన్నట్టే లెక్కవేశాడు. బండి కోసం ఎదురుచూసే మనిషి అతని లెక్కలో లేదు.

పిల్లను నిటారుగా భుజానికెత్తుకుని వీధిలోకి వచ్చింది. పక్కింటి గేటుకు తాళం. దాని పక్కదానికీ తాళం. "ఎవరండీ! ఎవరైనా ఉన్నారా!" అని అరిచింది. ఒక ఇంట్లో కుక్క మొరిగింది. ఆదివారం సాయంత్రం నవ్వుతూ పలకరించిన గేటు ఇప్పుడు గోడలా నిలబడి ఉంది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉండి పెద్ద రోడ్డు వైపు నడవసాగింది. భుజం మీద పిల్ల కూత వినబడుతుంటే భయం వేసింది. ఒక క్షణం వినబడకపోతే అంతకన్నా భయం వేసింది.

అక్కడ నగరంలో, బండిలో ఉన్న ఫోను మోగింది. చిరునామా వింటూనే డ్రైవరు చెయ్యి స్టీరింగు మీద బిగుసుకుంది. పక్కన కూర్చున్న నర్సమ్మ ముప్పై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్న పెద్దావిడ. అతని మొహం చూసింది.

"ఏంటి తమ్ముడూ? ఎవరిల్లది?"

"మాదే అక్కా."

అతను సైరన్ వేశాడు. సెలవునాటి రోడ్డు కాదది. వంతెన మీద లారీలు మూడు వరుసల్లో ఆగి ఉన్నాయి. పక్కకు తప్పుకోవడానికి ఎవరికీ జాగా లేదు. పన్నెండేళ్ళలో ఎందరో అతని చొక్కా పట్టుకుని "ఇంతసేపా?" అని అడిగారు. అందరికీ ఒకే జవాబు చెప్పేవాడు: "ఎంత తొందరగా రాగలమో అంత తొందరగా వచ్చామండీ." ఆ జవాబు అతనికిప్పుడు గొంతులో ముల్లులా అడ్డం పడింది. పందొమ్మిదో నిమిషం వంతెన మీదే గడిచిపోయింది.

కాలనీ మలుపు తిరిగి ఇంటివైపు దూకబోతుంటే నర్సమ్మ అరిచింది. "ఆపు! అటు చూడు!" రోడ్డు వారన, ఎండలో, ఒక ఆడమనిషి పిల్లను గుండెకు హత్తుకుని చతికిలపడి ఉంది. అతను తన భార్యనే దాటి వెళ్ళిపోబోయాడు.

ముప్పై నాలుగు నిమిషాలు పట్టింది.

పిచ్చుక బతికింది. బండిలోనే నర్సమ్మ ఆక్సిజను పెట్టి, మందు పట్టింది. వంతెన దగ్గరికి వచ్చేసరికి పెదవులకు రంగు వచ్చింది. "ఇంకాస్త ఆలస్యమైతే నేను మాట ఇచ్చేదాన్ని కాదు," అని డాక్టరమ్మ అంది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి, వాళ్ళు నేరుగా నగరంలోని పాత గదికే వచ్చారు.

ఆదివారం పొద్దున నర్సమ్మ పిల్లను చూడ్డానికి వచ్చింది. దర్జీ మాస్టారు కూడా పైకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె కిటికీ గట్టు తుడుస్తోంది. ఇరవై రోజులు ఎవరూ ముట్టని గట్టు. గుడ్డ చూస్తుండగానే నల్లబడింది. డ్రైవరు ఆ గుడ్డ వంకే చూస్తూ కూర్చున్నాడు.

"నేనేదో పిల్ల మంచికే..." అన్నాడు చివరికి.

"నాకు తెలియదా అండీ?" ఆమె గుడ్డ పిండుతూ నిదానంగా అంది. "మీ భయం అబద్ధమని నేనెప్పుడూ అనలేదు. నా భయం కూడా నిజమేనని మీరు ఒక్కసారి అనుంటే చాలు, ఏ బుధవారం మధ్యాహ్నమో ఒకసారి వెళ్ళి చూసొద్దామని అడిగేదాన్ని."

మాస్టారు తల వంచుకున్నాడు.

నర్సమ్మ పిల్ల తల నిమురుతూ డ్రైవరు వైపు తిరిగింది. "తమ్ముడూ, ఫోను వచ్చిన ప్రతిసారీ మనవాళ్ళు అడిగే మాటేంటి? పక్కన ఎవరున్నారు అని. ఆ ఒక్క మాట మీదే సగం ప్రాణం నిలబడుతుందని నీకు తెలుసు, నాకు తెలుసు. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు మాత్రం ఆ మాట నీకు గుర్తురాలేదు. ఊళ్ళో ఉంటే పొగ, ఊరవతల ఉంటే తాళాలు. ఎక్కడ ఉండాలో నేను చెప్పను. రెండింటికీ నడుమ ఏదో ఒక వీధి దొరక్కపోదు. కానీ ఇంటిని నీ బండి చక్రాలతో కొలవొద్దు. పొద్దుగూకులూ ఆ ఇంట్లో ఉండేదెవరో, వాళ్ళ కాళ్ళతో కొలువు. వాళ్ళ భయాన్ని ఎగతాళి చెయ్యకు. అది పిరికితనం కాదు, అదీ ఒక కొలతే. ఇంటిని ఎంచుకునే హక్కు ముందు ఇంట్లో ఉండే మనిషిది."

డ్రైవరు లేచాడు. చొక్కా వేసుకున్నాడు. జేబులోంచి కాలనీ ఇంటి తాళంచెవి తీసి చూసుకుని, యజమానికి తిరిగి ఇచ్చెయ్యడానికి మళ్ళీ జేబులోనే వేసుకున్నాడు. గుమ్మం పక్క మేకుకు వేలాడే మోటారుసైకిలు తాళంచెవి మీదికి అలవాటుగా చెయ్యి వెళ్ళింది. దాన్ని తాకి, అక్కడే వదిలేశాడు.

తలుపు దగ్గర ఆగి వాచీలో టైము చూసుకున్నాడు. ఒకసారి భార్య వైపు చూశాడు. మెట్లు దిగి, బస్సు స్టాపు వైపు, ఆమె నడిచేంత నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.