అక్క రక్తం గడ్డకట్టిన పూట

మా అక్క నోట్లో నాలుక లేని మనిషని అందరూ అంటారు. నేనూ అలాగే నమ్మాను, గుండీల డబ్బా అడుగున మాత్రలు దొరికేదాకా. అన్నీ కాస్త కరిగి, అంచులు నలిగి ఉన్నాయి. బావ రోజూ నీళ్ళ గ్లాసు పట్టుకుని, ఎదురుగా నిలబడి మరీ మింగించే మాత్రలవి. ఆ లేని నాలుక కిందే దాచి, ఆయన అటు తిరగ్గానే ఉమ్మేసిందన్నమాట మహాతల్లి!

ఆ మాత్రలు ఎందుకో చెప్పాలి. మా అక్కాచెల్లెళ్ళిద్దరిదీ కుట్టుషాపు. కటింగ్ అక్కది, మిషన్ నాది. పోయిన ఎండాకాలం స్కూలు యూనిఫారాలు కత్తిరిస్తూ కత్తిరిస్తూ అక్క కత్తెర జారవిడిచింది. కుడిచెయ్యి సున్నం కొట్టినట్టు తెల్లబడి, చల్లగా అయిపోయింది. ధమనిలో రక్తం గడ్డ అడ్డం పడిందని ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తీశారు. తర్వాత పరీక్షలు చేస్తే అసలు దొంగ బయటపడ్డాడు. రోగాల మీదికి పోవాల్సిన యాంటీబాడీలు అక్క ఒంటి మీదికే తిరగబడి, రక్తాన్ని గడ్డకట్టిస్తున్నాయట.

"కంచే చేను మేసినట్టమ్మా" అంది డాక్టరమ్మ. "ఈసారి గడ్డ మెదడుకి పోవచ్చు. రక్తం పలచబడే మాత్ర జీవితాంతం ఆపకూడదు. కాకపోతే దెబ్బ తగిలితే రక్తం త్వరగా ఆగదు, జాగ్రత్త."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బావకి ఆ వెనక గొయ్యి ఒక్కటే చెవిన పడింది. ఇంటికి రాగానే కత్తెరలూ చాకులూ సూదులూ బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆయన పని కిటికీలకు అద్దాలు బిగించడం. రోజుకో వేలు కోసుకుని, గుడ్డపేలిక చుట్టుకుని వచ్చే మనిషి, పెళ్ళానికి గుండుసూది కూడా అందనివ్వడు! అక్క గుండీలు ఏరుతూ కూర్చునేది. కటింగ్ నా మీద పడింది, దానికి కత్తెర నా ఒక్కదాని చేతికే ఇచ్చేవాడు. నేను కత్తిరించిన చొక్కాలు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చేవి.

"ఎందుకే ఈ పని చేశావ్? చావాలనుందా?" అని ఆ మాత్రలు అక్క ముందు పెట్టి అరిచాను.

అక్క తల ఎత్తలేదు. "మాత్ర మానేస్తే రక్తం మామూలుగా ఆగుతుంది కదే. అప్పుడైనా కత్తెర ఇస్తారనుకున్నా. చెయ్యి దక్కిందని అందరూ సంతోషించారు. దక్కి ఏం చేస్తోంది, గుండీలు ఏరుతోంది."

నా కోపం నీరుగారిపోయింది. పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడుపయ్యాక కోపం మళ్ళీ వచ్చింది, ఈసారి బావ మీద. ఫోన్ చేస్తే పరుగున వచ్చాడు. ఆయన ముందే డబ్బా బోర్లించాను.

"నువ్వు కత్తెర దాచావు, ఆవిడ మాత్రలు దాచింది. ఇక గడ్డ ఎప్పుడు ఎక్కడ పడుతుందో చూస్తూ కూర్చో!"

బావ నన్ను మిరపకాయ అంటాడు. ఆ రోజు ఆ ఘాటు బాగానే తగిలినట్టుంది. అక్క చేతిని తడిమి, వెచ్చగానే ఉందని చూసుకుని, అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ ముగ్గురికీ కలిపి తలంటింది. మాత్ర మళ్ళీ పనిచేసేదాకా ఇంజెక్షన్లు రాసింది. "చిన్న కోతైతే గట్టిగా నొక్కి పట్టుకోండి. ఆగకపోతే వెంటనే రండి. అంతేగాని కత్తెర పట్టొద్దని నేనెప్పుడన్నాను?" అంది.

రక్తం డాక్టరమ్మ కోరినంత పలచబడ్డాక, బావే కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ పూట పనికి పోకుండా దూది పట్టుకుని అక్క పక్కనే నిలబడ్డాడు. అక్క సుద్దగీత మీద కత్తెర పోనిచ్చింది. ఆ కరకర చప్పుడు విని ఎన్నాళ్ళయిందో! కాలర్ దగ్గర మలుపు తిప్పుతుంటే ఎడమ బొటనవేలు తెగింది.

చిన్న కోతే. రక్తం మాత్రం ఆగదే! బావ దూది పెట్టి నొక్కాడు. అది ఎర్రబడితే పైన ఇంకోటి పెట్టి నొక్కాడు. గడ్డ అన్న మాటకే హడలిపోయే ముగ్గురం, గడ్డకట్టు తల్లీ, గడ్డకట్టు అని ఆ వేలిని వేడుకుంటూ నిలబడ్డాం.

చాలాసేపటికి అక్క దూది అంచు ఎత్తి చూసింది.

"ఆగిందండీ."

బావ వదల్లేదు.

"ఆగిందంటున్నానుగా. వదలండి, కాలర్ సగంలో ఉంది."

"ఉండవే" అన్నాడు బావ ఏడుస్తూ. "ఇంకాసేపు పట్టుకోనీ."