నలభై రెండో నంబరు టోపీ

గోరువెచ్చని నీళ్లలో పసిపిల్లల షాంపూ నాలుగు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో బిళ్ల చుట్టూ మెల్లగా రుద్దుతున్నాడు టోపీల తాత. మెత్తటి గుడ్డ టోపీ, దానికి ముప్పై రెండు బిళ్లలు, ఒక్కో బిళ్లకు దారమంత తీగ. గట్టిగా రుద్దితే తీగ తెగుతుంది. రుద్దకపోతే బిళ్లల కింద పూసిన జెల్ ఎండి రేపు ఏ చంటిదాని నెత్తినో గీరుతుంది. ఈ పరిశోధన కేంద్రంలో పదకొండేళ్లుగా ఆయన పని ఇదే.

ఆ టోపీ పసివాళ్లకు పెట్టి, స్పీకర్లో మాటలు వినిపించి, మెదడులో ఏ మూల ఏ మూలతో కలుస్తోందో చూస్తుంది డాక్టరమ్మ. తలల కొలతలే టోపీల నంబర్లు. ఇవాళ పదింటికి రాబోయేది నలభై రెండు. ఆయన మనవడు, ఐదు నెలలవాడు.

మధ్యాహ్నం నాలుగింటి రైలుకి కూతురు వెళ్లిపోతోంది. అల్లుడికి దూరం బదిలీ అయింది. ఈలోగా ఆమెతో ఒక్క మాట అనాలి. వారం రోజులుగా ఆ మాటనే నమిలి నమిలి సిద్ధం చేసుకున్నాడు: "నీ చిన్నప్పుడు నిన్ను నోరెత్తనివ్వలేదమ్మా. తప్పు నాదే."

ఇక్కడికి రాకముందు ఆయన పత్రిక అచ్చయ్యే ప్రెస్సులో ఇరవై రెండేళ్లు రాత్రి డ్యూటీ చేశాడు. పగలు నిద్ర. ఆయన పడుకుంటే ఇల్లంతా పడుకోవాల్సిందే. భార్య తలుపు గొళ్లేనికి గుడ్డ చుట్టేది, గిన్నెలు దించేటప్పుడు ఊపిరి బిగబట్టేది. ఉయ్యాల్లో పిల్ల "ఊ" అంటే చాలు, దుప్పటి కిందనుంచి "ష్ష్" అని వచ్చేది. మనిషి చెడ్డవాడు కాదు, చెయ్యెత్తి ఎరగడు. అలిసిపోయేవాడు, అంతే. పిల్ల తన కబుర్లన్నీ పక్కింటి అరుగు మీద చెప్పుకుంది. ఇప్పుడు లోకమంతటితో గలగలా మాట్లాడుతుంది. నాన్న దగ్గరికొచ్చేసరికి ఆ, ఊ, సరే.

ఇక్కడ చేరిన కొత్తలో, డాక్టరమ్మ ఓ తల్లికి చెబుతుంటే విన్నాడు. పుట్టిన కొద్ది రోజుల్లోనే మాట చెవిన పడితే మెదడు రెండు వైపులా స్పందిస్తుందట. ముందు భాగానికీ పక్క భాగానికీ మధ్య దారులు మాత్రం ఏళ్ల తరబడి గట్టిపడతాయట. "మీరు పలకరించండి, వాడు ఊ కొడతాడు, మీరు మళ్లీ పలకండి. ఆ రాకపోకలు మంచివి" అంది. తాత చేతిలోంచి టోపీ నీళ్లలోకి జారిపోయింది.

పిల్లను నోరెత్తనివ్వలేదు, దాని మెదడేమైనా పాడైందా అని చాలా రోజులకు ధైర్యం చేసి అడిగాడు. డాక్టరమ్మ నవ్వేసింది.

"అయ్యో, అంత తేలిగ్గా ఏమీ పాడైపోదండీ! వాళ్లమ్మ మాట్లాడేదిగా, వీధంతా మాట్లాడేదిగా. మీ అమ్మాయికి మాటలొచ్చాయి కదా, ఇంకేం?"

"వచ్చాయమ్మా. నా వైపే రాలేదు."



పదింటికి కూతురు వచ్చింది. తలుపవతల నుంచే గొంతు వినిపించింది. "ఎవర్రా ఈ దొంగ? ఎవరి బుగ్గలివి? చెప్పవూ?" లోపల తండ్రిని చూసి ఆగింది. "బాగున్నావా నాన్నా" అంది.

వాణ్ని ఒళ్లో కూచోబెట్టుకుంది. టెక్నీషియన్ అమ్మాయి టోపీ సర్దుతుంటే వాడు తల అటూ ఇటూ తిప్పేస్తున్నాడు.

"తాతా, మీ మనవడేగా, కాసేపు కబుర్లు చెప్పండి. మిమ్మల్ని చూస్తూ కుదురుగా ఉంటాడు."

తాత ముందుకు వంగాడు. వాడు ఆయన మీసం కేసి చూసి, కాళ్లు తన్నుకుంటూ, "ఊ... ఊఁ" అని పెద్దగా రాగం తీశాడు.

"ష్ష్" అన్నాడు తాత.

అనాలని అనలేదు. నాలుకకు అలవాటైపోయింది, అదే వచ్చింది. పాపం, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు కూడా. వాడు ఠక్కున ఆగిపోయాడు. కూతురు తలెత్తి చూసింది. కోపమైనా బాగుండేది. ఎప్పటినుంచో తెలిసిన చప్పుడు విన్నట్టు చూసింది.

"వాణ్ని అలా అనకు నాన్నా" అంది మెల్లగా.

తాత గదిలోంచి బయటికొచ్చి, సింకు పక్కన నిలబడిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

పరీక్ష అయ్యాక ఆమె పిల్లాణ్ని భుజాన వేసుకుని కడిగే గది గుమ్మంలోకి వచ్చింది. వాడు నిద్రపోయాడు. నెత్తి మీద బిళ్లలు నొక్కిన గుండ్రటి గుర్తులు.

"వెళ్లొస్తా నాన్నా."

ఇప్పుడు అనాలి. తాత చేతులు తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆమె వాణ్ని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది, గుమ్మంలోంచి మాత్రం కదల్లేదు.

"గొడుగు తెచ్చుకున్నావా?" అన్నాడు.

"ఆ."

"సరే. జాగ్రత్త."

చెప్పుల చప్పుడు మెట్లు దిగింది. వీధిలోకి వెళ్లాక ఆమె గొంతు మళ్లీ లేచింది. నిద్రపోతున్న పిల్లాడితోనే ఏదో చెప్పుకుపోతోంది. కిటికీలోంచి కాసేపు వినిపించింది, తర్వాత వినిపించలేదు.

నాలుగవుతుండగా తాత నలభై రెండో నంబరు టోపీని నీళ్లలో ముంచాడు. ఒక్కో బిళ్లా రుద్దుతూ, గోడ గడియారంలో నాలుగు దాటి రైలు కదిలే వేళ అయ్యాక, నోరు తెరిచాడు.

"నీ చిన్నప్పుడు నిన్ను నోరెత్తనివ్వలేదమ్మా" అన్నాడు. మాట తడబడలేదు. "తప్పు నాదే."

టెక్నీషియన్ అమ్మాయి తొంగి చూసింది. "ఎవరితో తాతా?"

"ఎవరూ లేరమ్మా."

చేతులు తుడుచుకుని, లైటార్పి వెళ్లిపోయాడు. దండెం మీద టోపీ బోర్లా ఆరుతోంది. ఎప్పుడూ ఒక్క నూగు కూడా మిగలనివ్వని మనిషి, ఇవాళ మాత్రం చెవి దగ్గరి బిళ్లకు అంటుకున్న మనవడి సన్నటి ఎర్ర వెంట్రుకను అలాగే ఉంచేశాడు.