బొమ్మలావిడ ముందు నోరు మెదపకు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అలాంటిది అడక్కుండానే వారం వారం సంచీనిండా బొమ్మలు తెచ్చి, నేలమీద చతికిలబడి పిల్లతో ఆడి పోయే మనిషిని ఎవరు నమ్ముతారు? పిల్ల పేరు చిట్టి. చిట్టి వాళ్లమ్మ అసలే నమ్మలేదు. చిన్నప్పుడు ఆటా మాటా ఉంటే లేనింటి పిల్లలకూ చదువు బాగా అబ్బుతుందని, అందుకే తన సంస్థవాళ్లు ఇంటింటికీ పంపుతున్నారని బొమ్మలావిడ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆవిడ కళ్లు మాత్రం గదంతా తిరిగాయి, పొయ్యి మీద, మంచం కింద, తలుపు గొళ్లెం మీద.

చిట్టి తల్లి భయం ఒకటే. తెల్లవారకముందే ఆఫీసులు తుడిచే పనికి పోవాలి. మూడేళ్ల పిల్లను లోపలుంచి బయట తాళం వేసి పోతుంది. ఆ సంగతి పొక్కితే పిల్లను పట్టుకుపోరూ? అందుకే, "బొమ్మలావిడ ముందు నోరు మెదిపావంటే వీపు చిట్లుతుంది" అని గట్టిగా చెప్పిపెట్టింది. మామూలుగా చిట్టి వసపిట్ట. ఆవిడ గడప తొక్కగానే మూగనోము పట్టేది.

ఆ రోజు బొమ్మలావిడ సంచీ విప్పలేదు.

"మూడేళ్లొచ్చినా ఒక్క మాట రాలేదమ్మా. పెద్దాసుపత్రికి రాస్తున్నాను. కొన్నాళ్లు అక్కడే ఉంచుకుని చూస్తారు."

 ఏది జరక్కూడదని చిట్టి తల్లి ఇంత నాటకం ఆడించిందో అదే నెత్తిమీదికొచ్చింది.

"మాటలొచ్చు మేడమ్. మాట్లాడవే చిట్టీ."

చిట్టి అమ్మవంక అనుమానంగా చూసింది. "కొట్టవుగా?"

"కొట్టను."

"అమ్మ తాళమేసి పోతుంది. నేను ఏడ్చినా రాదు."

తల్లి సిగ్గుతో చచ్చిపోయింది. బొమ్మలావిడ తలుపు గొళ్లెంవంక చూసింది.

"ఈ వీధిలో ఇంకెవరైనా ఇలా పిల్లల్ని లోపలుంచి తాళమేసి వెళ్తారా?"

"ఎందుకు?"

"మీకు కావలసింది బొమ్మలు కాదమ్మా, మీరు పనికెళ్లినప్పుడు పిల్లల్ని చూసుకునే చోటు. ఒక్కింటి కోసమంటే మావాళ్లు పెట్టరు."

తియ్యటి మాటే. తియ్యగా మాట్లాడేవాళ్ల దగ్గరే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. చెబితే సాటివాళ్లను పట్టిచ్చినట్టు, చెప్పకపోతే రేపు మళ్లీ తాళం. ఆవిడ మొహంలోకి ఎంతసేపు చూసినా ఏమీ తేలలేదు. చివరికి లేచి, మధ్యాహ్నం పనికి వెళ్లే పక్కింటి వదిన గుమ్మం దగ్గరికి ఆవిణ్ణి తీసుకెళ్లింది. తలుపుకు తాళం ఉంది.

"ఎవరూ లేరుగా" అంది బొమ్మలావిడ.

చిట్టి తల్లి తలుపు సందుకు నోరానించింది. "బుజ్జమ్మా, నేనేనే, అత్తని. ఉన్నావా?"

లోపల అలికిడి లేదు. కాసేపటికి, నేల దగ్గర్నించి ఓ సన్నటి గొంతు నేర్పిన మాటను నేర్పినట్టు అప్పజెప్పింది.

"ఇంట్లో ఎవ్వరూ లేరు."