ఆరుకాళ్ల సొరుగు

మా మరిది చేతికి ఏది దొరికినా బాగుచేయకుండా వదలడు. బాగున్నదాన్ని కూడా.

తన గడియారాల దుకాణం మూసేశాక ఈ జబ్బు ముదిరింది. మా హాల్లో గోడ గడియారం తరచూ ఆగిపోయేది. అది ఆగడం ఆలస్యం, మరిది స్టూలెక్కి దింపి, మరమేకులన్నీ బల్లమీద పరిచేవాడు. మొగుడికి సంపాదన లేక మా తోటికోడలి ముఖం రోజురోజుకీ చిన్నబోతుంటే చూడలేకపోయేదాన్ని.

నేను మ్యూజియంలో టికెట్లు ఇస్తాను. అక్కడ పురుగుల గదిని చూసుకునే పెద్దావిడను అందరం మేడమ్ అంటాం. సీతాకోకచిలుకల విరిగిన మీసాలు అతికించడానికి ఆవిడకు మనిషి కావాలని తెలిసి, రోజూ మధ్యాహ్నం ఆవిడ భోజనం బల్ల దగ్గరే కూర్చుని మా మరిది వేళ్ల గొప్పతనం చెప్పాను. నా పోరు పడలేక ఒక నెల చూస్తానంది. పని నచ్చితే ఉద్యోగం, లేకపోతే ఒక నమస్కారం.

పని నచ్చింది. వెంట్రుకంత మీసాన్ని పట్టకారుతో నిలబెట్టి అతికిస్తే, అతుకు భూతద్దానికి కూడా దొరికేది కాదు. నెలాఖరులో మేడమ్ ఏదో సభకు వెళ్తూ అతని ముందు ఒక సొరుగు పెట్టి, మీసాలు చూడమని చెప్పి వెళ్లింది. దాని మీద ‘నింఫాలినే’ అని చీటీ ఉంది. సీతాకోకచిలుకల్లో ఒక పెద్ద కుటుంబంలోని ఓ శాఖకు శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరట. పలకబోతే నా నాలుక మడతపడింది.

మరిది మీసాలు చూశాడు. పనిలో పనిగా కాళ్లూ చూశాడు. నాలుగే ఉన్నాయి. పక్కదానికీ నాలుగే, సొరుగంతా నాలుగే. పురుగుకి ఆరు కాళ్లని బళ్లో చదువుకున్నవాడాయె. ఇంతకుముందు పనిచేసినవాడెవడో చేతకాక విరగ్గొట్టేశాడని తేల్చుకుని, నా టికెట్ల కిటికీ దగ్గరకొచ్చి ఆ మనిషిని తిట్టాడు. నేనూ ఓ చెయ్యి వేశాను. తిట్టడానికి తోడు కావాలంటే నేనెప్పుడూ సిద్ధం.

ఆ గదిలో విరిగిన ముక్కలు దాచే డబ్బా ఒకటుంది. అందులోంచి పొడవూ రంగూ సరిచూసి ఏరి, ఒక్కొక్కదానికి రెండేసి కాళ్లు అతికించాడు. పుట్టుకతో వచ్చినట్టే ఉన్నాయి. నేను వెంటనే తోటికోడలికి ఫోన్ చేసి ఉద్యోగం ఖాయమని చెప్పేశాను.

మేడమ్ తిరిగొచ్చి సొరుగు లాగింది. కుర్చీలో కూలబడింది. ఈ కాళ్లు ఎక్కడివని అడిగితే మరిది సంబరంగా చెప్పాడు. అప్పుడావిడ నెమ్మదిగా వివరించింది. ఈ కుటుంబంలో ముందు కాళ్లు రెండూ కురచబారి, చిన్న బ్రష్షుల్లా ఛాతీకి అతుక్కుని ఉంటాయట. నడకకు పనికిరావు, నిలబడేది నాలుగింటి మీదే. ఎవరూ ఏమీ విరగ్గొట్టలేదు. ఆ బ్రష్షుల్ని బట్టే వీటి కుటుంబాన్ని పోల్చుకుంటారట. వాటిని గనక పీకేసి ఉంటే, తరాలుగా దాచిన ఈ సొరుగు ఇక దేనికీ పనికిరాదంది.

మరిది ముఖం పాలిపోయింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి అంతా వింటున్నాను. ఆ నోరు తిరగని పేరుకు బదులు చీటీ మీద ‘కాళ్లు నాలుగే’ అని రాస్తే వాళ్ల సొమ్మేం పోయేదని అడగబోయి, తోటికోడలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

“పీకలేదు మేడమ్,” అన్నాడు మరిది. “అక్కడ కుచ్చుల్లా ఏవో కనిపించాయి. ఎందుకున్నాయో అర్థం కాలేదు. అందుకే ముట్టుకోకుండా పక్కన అతికించాను.”

“అడ్డమనిపించలేదా?”

“అనిపించిందండీ. కానీ ఎందుకుందో తెలియని ముక్కని గడియారంలోంచి తీసెయ్యకూడదు కదా.”

మేడమ్ భూతద్దం పట్టుకుని సొరుగంతా వెతికింది. బ్రష్షులు ఎక్కడివక్కడే ఉన్నాయి. మరిది కుంచె కొసను నీళ్లలో ముంచి జిగురు మీద తాకించి, ఒక కాలు ఊడదీసి చూపించాడు. విప్పడానికి వీల్లేని జిగురు అతను జన్మలో వాడలేదు.

“కాళ్లెన్నో నేను చెప్తాను,” అంది మేడమ్. “ముట్టుకోకుండా ఉండటం నేర్పడమే నా వల్ల కాదు. అది మీకు ముందే వచ్చు. ముందు ఇవన్నీ ఊడదీయండి. ఆర్డరు కాగితం రేపు ఇస్తాను.”

టికెట్ల కిటికీ దగ్గరికెళ్లి హాయిగా ఏడ్చేశాను. పిల్లల్ని తీసుకొచ్చిన టీచరొకాయన కంగారుపడి, టికెట్లు తర్వాత తీసుకుంటానన్నాడు.

ఆ సాయంత్రం మరిది ఇంటికొచ్చేసరికి హాల్లో గడియారం ఆగిపోయి ఉంది. అలవాటుగా స్టూలెక్కాడు. చెయ్యి చాపినవాడల్లా ఆగి నావైపు తిరిగాడు.

“ఇది ఆగిపోయిందా వదినా, మీరే ఆపారా?”

నేనే ఆపాను. ఆ టిక్కుటిక్కుకి నాకు పని నుంచి వచ్చాక కునుకు పట్టదు. ఇన్నాళ్లకు అడిగాడు.