నవ్వకూడని ఫొటో

కిషన్‌రావు తెల్ల పంచెను గోడకు బిగించి, మడతలు పోయేలా అరచేత్తో దువ్వాడు. ఒక మూల ఇంకా జారుతూనే ఉంది. దానికి బట్టల క్లిప్పు తగిలించి వెనక్కి జరిగి చూశాడు. జరీ అంచు ఫొటోలో పడకూడదు. ప్రభుత్వ వెబ్‌సైటుకు మనిషి వెనకాల ఖాళీ గోడే కావాలి. ఈ కొట్టులో ఖాళీ గోడంటూ ఎక్కడుంది? ఒకవైపు పాలు, బ్రెడ్డు, ఇంకోవైపు చాక్లెట్లు, కుక్కల బిస్కెట్లు.

"పెండ్లినాటి పంచె. గోడకు కట్టెతందుకా ఇన్నేండ్లు దాసిపెట్టిన?" అంది ఇందిరాదేవి, గల్లాపెట్టె దగ్గర నుంచి.

"నేనెట్లాగు కడుతలేను గద. గోడనన్న కట్టుకోనీ" అన్నాడు.

డునెడిన్ పట్నానికి గంటన్నర దూరంలో, గొర్రెల మందల నడుమ ఉన్న పల్లె అది. బ్యాంకూ పోస్టాఫీసూ మూతపడ్డాక సర్కారు పనులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. పింఛను కావాలన్నా, ఇంటిపనికి మనిషి కావాలన్నా లాగిన్ అవ్వాలి. జీవితమంతా ఉన్ని కత్తిరించి వేళ్లు మొద్దుబారిన ముసలివాళ్లకు ఆ లాగిన్ కొరుకుడుపడలేదు. అందుకని జిల్లా కౌన్సిల్‌వాళ్లు వారానికి మూడు రోజులు, కిషన్‌రావు కొట్టు మూలలోనే ఒక కంప్యూటర్ పెట్టి అతన్ని కూర్చోబెట్టారు.

మనిషి గొప్ప తెలివిగలవాడేం కాదు. జగిత్యాలలో ఫొటో స్టూడియో నడిపాడు. బిగుసుకుపోయిన పెళ్లికూతుళ్లను, దారిలో పోట్లాడుకుని వచ్చిన మొగుడూ పెళ్లాలను కూడా "జర నవ్వుండ్రి" అంటూ నవ్వించి పంపాడు. సెల్‌ఫోన్లు వచ్చి ఆ స్టూడియో కడుపు కొట్టాయి. బావమరిది ఇక్కడి డెయిరీని, అంటే ఈ చిల్లర కొట్టును, అప్పజెప్పి వెల్లింగ్టన్ వెళ్లిపోతే మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చి చేరారు. మొదటి చలికాలంలో పొయ్యిలోకి కట్టెలు అయిపోయినప్పుడు, అడగకుండానే ఎవరో ఒక బండెడు తెచ్చి వాకిట్లో పోసిపోయారు. ఎవరో ఈ రోజుకీ తెలియదు. అందుకే ఊళ్లో అందరికీ రుణపడ్డట్టే తిరుగుతాడు.

ఓడలు బళ్లయినట్టు, ఇప్పుడు అతని పని జనాన్ని నవ్వకుండా ఆపడం. నవ్వితే కంప్యూటర్ మనిషిని గుర్తుపట్టదట. మూతి బిగించిన ఫొటో ఉంటేనే లాగిన్.

చిక్కంతా హేజెల్‌తోనే వచ్చింది. ఎనభై దాటిన ఆవిడ, నాలుగిళ్ల అవతల ఒంటరిగా ఉంటుంది. మొన్న స్నానాల గదిలో జారిపడింది. ఈ శుక్రవారంలోగా ఇంటికి సహాయం ఏర్పాటు కాకపోతే అమ్మను డునెడిన్ వృద్ధాశ్రమంలో చేర్పిస్తానని ఆక్లాండ్‌లో ఉన్న కూతురు ఖండితంగా చెప్పింది. ఇవాళే శుక్రవారం. దరఖాస్తు అంతా పూర్తయింది, ఫొటో ఒక్కటే మిగిలింది. వారం నుంచి పంపినవన్నీ తిరిగొచ్చాయి. అన్నింట్లోనూ నవ్వే.

హేజెల్ కర్ర పొడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. గోడ మీది పంచెను చూసి, ఆ లంగా ఎవరిదని అడిగింది. తన మాటకు తనే పగలబడి నవ్వింది. కిషన్‌రావు ఫొటో తీశాడు. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇంకోటి తీశాడు. మళ్లీ ఎర్ర అక్షరాలే.

"మీరే ఇగిలిస్తుంటే ఆమె ఎట్ల ఊకుంటది?" అంది ఇందిరాదేవి.

కిషన్‌రావు నవ్వు మానేశాడు. కెమెరా దించి, తనకొచ్చిన ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు, మీరు డునెడిన్ పోతే మీ కోళ్లను ఎవరు చూస్తారని.

కుళాయి కట్టేసినట్టు ఆమె నవ్వు ఆగిపోయింది. పెదవులు కలిశాయి. నీలం కళ్లు సూటిగా అతన్నే చూశాయి. కిషన్‌రావు బటన్ నొక్కాడు. ఈసారి పచ్చ గుర్తు వచ్చింది.

నవ్వించి బతికినవాడు ఒక నవ్వును చెరిపి ఫొటో తీశాడు. సారీ చెప్పాడు. హేజెల్ అతని చెయ్యి తట్టి, ఆ మాట ఇంతవరకూ తననెవరూ అడగనే లేదని చెప్పింది.

మధ్యాహ్నానికి సహాయం మంజూరైనట్టు మెసేజ్ వచ్చింది. సోమవారం నుంచి మనిషి వస్తుంది. కిషన్‌రావు హేజెల్‌కు ఫోన్ చేసి చెబితే అవతల నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. కాసేపటికి హేజెల్ తన పెరటి ప్లమ్ పండ్లు నీలం పూల గిన్నెలో పెట్టుకుని స్వయంగా వచ్చింది. ఇందిరాదేవిని కావలించుకుంది. కొట్టులో జనం చూస్తుండగానే కిషన్‌రావు చెంప మీద ముద్దు పెట్టి, కోళ్లకు మేత వేసే వేళయిందని వెళ్లిపోయింది.

"ఖాళీ గిన్నె వాపసియ్యొద్దు" అంటూ ఇందిరాదేవి వెనక వంటగదిలో నూనె మూకుడు పెట్టింది.

కొట్టు కట్టేసే వేళకు హేజెల్ పక్కింటి రైతు డగ్ వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. హేజెల్ కిటికీ పక్కన కుర్చీలో నిద్రపోతున్నట్టే ఉందని, అంబులెన్సువాళ్లు వచ్చి చూసి ప్రాణం లేదన్నారని చెప్పాడు.

"ఇంట్లనేనా?" అని కిషన్‌రావు తెలుగులోనే అడిగేశాడు. తేరుకుని ఇంగ్లీషులో మళ్లీ అడిగాడు.

ఇంట్లోనేనన్నాడు డగ్. కోళ్లు కనబడే కిటికీ దగ్గరే.

కిషన్‌రావుకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఎవరికో దండం పెట్టాలనిపించింది. ఇన్ని తిప్పలు పెట్టి, చివరికి ఒప్పుకున్న ఆ మొండి వెబ్‌సైటుకు కూడా మనసులోనే దండం పెట్టాడు.

"సల్లారకముందే ఇచ్చి రాండ్రి" అంటూ ఇందిరాదేవి లోపలి నుంచి వచ్చింది. వాళ్లిద్దరి ముఖాలు చూసి ఆగిపోయి, చేతిలోది కౌంటర్ మీద పెట్టింది.

నీలం పూల పింగాణీ గిన్నె, నిండా వేడివేడి మురుకులు.