నిండుకున్న పరుగులు

శాండీఫోర్డ్ శివారులో నెలకొక సాఫ్ట్‌వేర్ కంపెనీ బోర్డు వెలుస్తున్న రోజులవి. అలాంటి ఒక చిన్న కంపెనీ మూడో అంతస్తులో, సెప్టెంబరు చివరి వారం, సాయంత్రం ఆరు గంటలు. గోడమీది తెరలో అమెరికా మధ్యాహ్నం ఒంటిగంట. అక్కడి ఎండ ఇక్కడి తడిసిన కిటికీ అద్దంలో ప్రతిఫలించి, కింద పోతున్న లువాస్ రైలు బేస్‌బాల్ మైదానపు పచ్చికలోంచే జారిపోతున్నట్టు కనబడుతోంది. అది కాంతి చేసే పనే తప్ప మరొకటి కాదని అనంతరామ్‌కు తెలుసు. తెలిసీ, చూపు తిప్పుకోలేకపోయాడు.

షానన్‌లో కొలత పరికరాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఆయనకు ఇక్కడ అప్పగించిన పని ఒకటే. ఆటకు తెలుగులో నడిచే ప్రత్యక్ష వ్యాఖ్యానం విని, వాస్తవానికి విరుద్ధమైన మాటలను ఫారంలో గుర్తించాలి. ఒక్క తప్పు ఉన్నా ఈ ప్రయోగం రద్దవుతుంది. వ్యాఖ్యాత దమయంతి పగలంతా నిద్రపోయి, రాత్రంతా వృద్ధుల సంరక్షణాలయంలో కేరర్‌గా పనిచేస్తోంది. ఈ ఆట గట్టెక్కితే ఇక్కడి పని ఖాయమై, ఆ రాత్రుళ్ళ నుంచి విముక్తి.

మొదటి ఇన్నింగ్స్‌లో అతిథి జట్టు ఒక్క పరుగూ చేయలేదు. దమయంతి గొంతు తేనెలా సాగింది. అతిథులకు పరుగులు నిండుకున్నాయంది.

విరామంలో మైకు ఆపగానే అనంతరామ్ అభ్యంతరం చెప్పాడు. ఇక్కడ పెరిగిన పిల్లలు పరుగులు నిండిపోయాయనుకుంటారు. అదీగాక, ఒక వస్తువు నిండుకోవాలంటే ముందు ఉండాలి కదా?

"మా ఇంట్లో లేవు అనే మాట అనం అంకుల్. ప్రెస్‌లో, అదే వంటింటి అలమారాలో, కందిపప్పు అయిపోయినా నిండుకుందనే అంటాం. నోటికి అదే వచ్చేస్తాది."

"పరుగులు పప్పు కాదమ్మా. సున్నా అను, చాలు."

"పిచ్చరు అంత బాగా వేస్తుంటే సున్నా సున్నా అని దిష్టి పెట్టమంటారా?"

ఆయన నవ్వాడు. తెరమీద మాత్రం, సొంత జట్టుకు బంతులు విసిరే ముప్పై తొమ్మిదేళ్ళ ఆ పిచ్చరు బెంచీ చివర ఒంటరిగా కూర్చున్నాడు. పరుగే ఇవ్వని ఇలాంటి రోజున, దిష్టి తగులుతుందని అతనితో ఎవరూ మాట్లాడరట. మాటకూ బంతికీ ఏ సంబంధమూ లేదని అనంతరామ్ మనసులోనే నమోదు చేసుకున్నాడు.

దమయంతి ప్రయత్నించింది. సున్నా దాకా వచ్చి, తడబడి, ప్రతిసారీ నిండుకోవడం దగ్గరే తేలింది. ఎనిమిది ఇన్నింగ్స్ ముగిసేసరికి ఫారంలో ఎనిమిది గీతలు. పక్కన తప్పో ఒప్పో మాత్రం ఆయన ఇంకా రాయలేదు.

చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్. సొంత జట్టు రెండు పరుగుల ఆధిక్యంలో ఉంది. అతిథులు ఇద్దరు అవుటయ్యారు, ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు; ఇంకొకరు అవుటైతే ఆట ముగుస్తుంది. తరువాతివాడు బలంగా కొట్టాడు. బంతి ఆకాశంలోకి లేచి, అద్దంమీది చినుకుల్లో కలిసిపోయి, పక్కనున్న లెపర్డ్స్‌టౌన్ మీదుగా ఎటో తేలిపోతున్నట్టుంది. అంతసేపు పైన ఉండటానికి గురుత్వాకర్షణ ఒప్పుకోదు. దమయంతి వ్యాఖ్యానం మరిచి బంతినే చూస్తోంది. శ్రోతలకు నిశ్శబ్దం వినబడుతోంది.

అత్యవసరానికని తన ముందుంచిన మైకు మీట అనంతరామ్ నొక్కాడు.

"బంతి ఇంకా పైనే ఉంది. ఇంకా పైనే. దిగుతోంది. కంచె దగ్గర ఫీల్డరు... పట్టాడు. ఆట ముగిసింది. అతిథులకు పరుగులు నిండుకున్నాయి."

అన్న తరువాతే ఆ మాట తన చెవిన పడింది. దమయంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

మేనేజర్ ఓర్లా ఫారం కోసం వచ్చింది. అనంతరామ్ తొమ్మిదో గీత గీసి, దాని ఎదుట తన పేరు రాశాడు. ఇవి తప్పులేనా అని ఆమె అడిగింది. అది సున్నాను మర్యాదగా చెప్పే మాటనీ, అర్థం కాని పిల్లలు ఇంట్లో అడిగి తెలుసుకుంటారనీ ఆయన వివరించాడు. ఆ సంగతే రాసి సంతకం చేయమంది. తన జీవితంలో రుజువు లేకుండా దేనికీ సంతకం పెట్టని మనిషి, ఆ రెండు ముక్కలూ రాసి, పెట్టాడు.

గ్రాండ్, అంతా బాగుందంటూ ఓర్లా ఫారం తీసుకుంది.

దమయంతి వరండాలోకి వెళ్ళి, సంరక్షణాలయంలో డ్యూటీలు వేసే ఎస్తేరమ్మకు ఫోన్ చేసింది.

"అక్కా, వచ్చే వారం నుంచి రాత్రుళ్ళకి నా పేరు రాయకు."