మూడో గేరులో ఈల

లక్ష్మీదుర్గ పని కార్లు నడపడం. ఆమెకు సొంత కారు లేదు. రెడ్డియార్‌పాళయంలోని ఒక సర్వీస్ సెంటర్‌లో రిపేరయిన ప్రతి కారునీ యజమానికి అప్పగించే ముందు ఒకసారి రోడ్డు మీద నడిపి చూడాలి. రోజుకు ఎనిమిదో తొమ్మిదో కార్లు, ఒక్కోదానికి పది నిమిషాలు. బ్రేకులు సరిగా పడుతున్నాయా, స్టీరింగ్ ఒక పక్కకు గుంజుతోందా, ఎక్కడైనా కొట్టుకుంటున్న చప్పుడు వస్తోందా చూసి, కాగితం మీద సంతకం పెట్టి, తాళం ఇచ్చేసి తర్వాతి కారు ఎక్కాలి. ఏ కారులోనూ పక్క సీటులో మనిషి ఉండడు.

ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. సొంత ఊరు యానాం. పెళ్ళి మూడేళ్ళయినా నిలవలేదు. పుదుచ్చేరి వచ్చి నాలుగేళ్ళయినా ఆ సంగతి ఇక్కడ ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. వర్క్‌షాపు వరకు సరిపడే తమిళం వచ్చింది. క్లచ్ జారుతోంది, కడగడానికి పంపండి, సాయంత్రానికి ఇస్తాం. అంతకుమించి అవసరం పడలేదు. ఆదివారాలు తమ్ముడు యానాం నుంచి ఫోన్ చేసేవాడు. ఒక వారం అతను చెయ్యలేదు. సోమవారం పొద్దున సూపర్‌వైజర్ ఏదో అడిగితే జవాబు చెప్పబోయింది, గొంతు పెగల్లేదు. జలుబు చేసిందా అన్నాడతను. అవునంది. నిజానికి శనివారం సాయంత్రం నుంచీ ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ ఎర్ర కారు ఫిబ్రవరిలో మొదటిసారి వచ్చింది. చూడడానికి చిన్నది, లోపల టర్బో ఇంజిన్. బయటికి పోయే పొగతోనే ఒక చిన్న చక్రం ఈల వేస్తూ తిరిగి, గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెడుతుంది. ఆ గాలి అందిందా, బుల్లి కారు పెద్ద కార్లను దాటేస్తుంది. జాబ్ కార్డు మీద యజమాని చెప్పినట్టుగా రాసి ఉంది: "పికప్ ఆలస్యంగా వస్తోంది. మూడో గేరులో ఈల మారింది." కంప్యూటర్ పెట్టి చూస్తే లోపమేదీ చూపించలేదు. దుర్గ మూలకుళం దాకా వెళ్ళి వచ్చి, తేడా లేదని రాసింది.

పది రోజులకు అదే కారు, అదే ఫిర్యాదు.

"ఓనర్ పేరు ముకుందన్. అరియాంకుప్పం. ఆయనకు రెండు కళ్ళూ కనపడవట," అని తమిళంలో చెప్పి నవ్వాడు సూపర్‌వైజర్ శ్యామ్‌సుందర్. "నడిపేది పక్కింటతను, పికప్ లేదనేది ఈయన. తొందరగా చూసి పంపించెయ్."

ఆ రోజు కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. దుర్గ మొదటి సిగ్నల్ దాకా వెళ్ళి తిరిగొచ్చి, తేడా లేదని మళ్ళీ రాసింది.

మూడోసారి ఆయనే వచ్చాడు. మార్చి నెల, పదకొండు గంటల ఎండ. తెల్ల పంచె, చేతిలో మడతపెట్టే కర్ర, మోచెయ్యి పట్టుకుని భార్య సౌభాగ్యం. ఆయనకు అరవై ఆరేళ్ళుంటాయి.

"దీన్ని టెస్ట్ చేసింది ఎవరు?" అని తమిళంలో అడిగాడు.

"నేనే సార్," అంది దుర్గ. రెండు ముక్కల్లోనే ఆమె యాస ఆయన పట్టేశాడు.

"తెలుగా పాప్పా నువ్వు?"

"అవునండి. మాది యానాం."

"మేమూ తెలుగే. మూడు నూర్ల ఏండ్లుగా ఈడనే ఉండాము. చదివేది రాదు, మాట్లాడేదే." కర్ర మడిచాడు. "సరే, పోదాం పా. నేను పక్కన కూర్చుంటా. ఆమె ఈడ కూర్చుంటాది."

లాస్పేట దాటి, సముద్రం వెంట పోయే ఈసీఆర్ రోడ్డు ఎక్కేదాకా ఆయన మాట్లాడలేదు. బస్సులు తగ్గి రోడ్డు ఖాళీ అయ్యాక ఏసీ ఆపమన్నాడు, అద్దాలు మూయమన్నాడు.

"మూడో గేరు వెయ్యి. ముల్లు పదైదు నూర్ల దగ్గర పెట్టు. ఇప్పుడు పూరాగా తొక్కు."

దుర్గ ఎక్సలేటర్ పూర్తిగా తొక్కింది. నాలుగేళ్ళలో ఏ టెస్టులోనూ ఆమె అలా తొక్కలేదు. ఊళ్ళో అంత జాగా ఉండదు. కారు ఒక క్షణం ఏమీ పట్టనట్టు అదే నడక నడిచింది. ఇంజిన్ చుట్లు చూపే ముల్లు రెండు వేలు దాటింది. రెండు వేల మూడు వందల దగ్గర వెనకనుంచి ఎవరో నెట్టినట్టు ఒక్కసారి ముందుకు ఉరికింది.

"చూసినావా? కొత్తలో పద్దెనిమిది నూర్లకే వచ్చేస్తా ఉండె. ఇప్పుడు నిదానం. ఈల కూడా పైకి పోయింది. టర్బో ముందుకన్నా ఎక్కువ తిరగతా ఉండాది, గాలి ఇంజన్‌కి పోలే. యాడనో కారతా ఉంది. ఇంగోసారి తొక్కు."

ఇంకోసారి తొక్కింది. మూడోసారి తొక్కినప్పుడు, ఈల కింద సన్నగా సైకిల్ ట్యూబు కారుతున్నట్టు 'స్స్' మని వినిపించింది. కాలు తియ్యగానే ఆగిపోయింది.

కారు పక్కకు తీసి ఆపింది.

"మీకెలా తెలిసిందండి?"

"నలభై ఏండ్లు పంపుసెట్ ఇంజన్లు రిపేరు చేసినా. రాత్రిపూట చేన్లో ఇంజన్ ఆగిపోతే, టార్చి లేకుండా చెవితోనే చూస్తా ఉంటి." కాస్త ఆగి నవ్వాడు. "ఈ కారు నా అరవై మూడో ఏట కొన్నా. ముసలోడికి ఇంత వేగమెందుకని అందరూ నవ్విరి. రెండేండ్లు నడిపినా. ఆపైన కండ్లు పోయె."

దుర్గ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. చెప్పకుండా ఉండిపోవచ్చు, ఆయనకు తెలిసే వీలు లేదు.

"తేడా లేదని రాసింది నేనేనండి. రెండోసారి నేను మొదటి సిగ్నల్ కూడా దాటలేదు."

"ఎందుకని?"

"మీకు చూపు లేదన్నారండి. అందుకని."

ఆయన ముఖం ముందు అద్దం వైపే ఉంది. "చూపు లేనిది నిజమే కదా," అన్నాడు. "పోదాం పా. ఆమె కాచుకోనుంటాది."

టర్బో నుంచి ఇంజిన్‌కు గాలి తీసుకెళ్ళే రబ్బరు పైపు తీసి మెలితిప్పితే, అడుగున గోరంత పొడవు చీలిక బయటపడింది. మామూలుగా చూస్తే మూసుకునే ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగితేనే నోరు తెరుస్తుంది. పైపు పాతబడింది, మార్చాం అని రాస్తే చాలన్నాడు శ్యామ్‌సుందర్. దుర్గ ఆ కింద ఇంకో వాక్యం రాసింది: ముందు రెండుసార్లు నేను టెస్టు సరిగా చెయ్యలేదు. అతనికి కోపం వచ్చింది. రెండు వారాలు ఆమెను కార్లెక్కనివ్వకుండా రిసెప్షన్‌లో కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిస్తూ, కాసేపు కూర్చోండి అని చెబుతూ ఆమె ఆ రెండు వారాలూ గడిపింది.

మళ్ళీ కార్లెక్కిన వారమే సౌభాగ్యం ఫోన్ చేసింది.

"ఆదివారం వస్తావా మా? పక్కింటాయన నడిపితే ఈయనకి తృప్తి లే. నువ్వు బాగా తొక్కతావంట."

దుర్గ వెళ్ళింది. అరియాంకుప్పం బస్సెక్కి, నది మీది వంతెన దాటి వాళ్ళింటి ముందు దిగి, ఎర్ర కారులో ఆయన్ని ఎక్కించుకుని ఊరంతా దాటి ఉత్తరంగా పిళ్ళైచావడి దాకా తీసుకెళ్ళింది. అలా ప్రతి ఆదివారం. ఆయన్ని బాబాయిగారూ అని పిలవడం మొదలుపెట్టింది. సౌభాగ్యం మధ్యాహ్నం భోజనం పెట్టకుండా పంపేది కాదు.

మొదటి రోజే ఆయన అడిగాడు. "పైపు మార్చినాక ఎట్లుంది?"

"బాగుందండి."

"బాగుండేది నాకూ తెలుసు. ఎట్లా బాగుందో చెప్పు. నీ కాలికి తెలిసేది నా వీపుకి తెలీదు."

ఆమె నాలుగేళ్ళలో ఎన్ని కార్లు నడిపిందో లెక్కే లేదు, ఏ ఒక్కదాని గురించీ ఎవరికీ ఏమీ చెప్పి ఎరగదు. పిళ్ళైచావడిలో కారాపి కిటికీ దించితే, కొందరు పడవను ఇసుక మీంచి నీళ్ళలోకి నెడుతున్నారు. కాసేపు వాళ్ళనే చూసింది.

"ఇక్కడ పడవ తోస్తున్నారండి. ఇసకలో ఉన్నంతసేపూ కదల్లేదు. అల వచ్చి అడుగున తగలగానే పైకి లేచింది. మన కారు కూడా అలాగేనండి. పద్దెనిమిది వందల దాకా బరువు మనమే మొయ్యాలి. ఆ తర్వాత అదే మనల్ని ఎత్తుకుంటుంది."

ముకుందన్ తల అడ్డంగా ఊపాడు. కానీ ముఖం వెలిగింది. "అట్లా కాదు పాప్పా. అల ఒక తూరి ఎత్తి ఇడిచేస్తాది. ఇది ఇడవదు. నాలుగున్నర వేల దాకా అదే పట్టు పట్టుకోనుంటాది. ఆపైన?"

"ఆపైన ఆయాసపడుతుందండి. చప్పుడెక్కువ, పరుగు తక్కువ."

"అదీ! అట్లా చెప్పు."

ఆ సాయంత్రం తిరుగు బస్సులో ఆమె ఆ మాటలే పెదవుల మీద మళ్ళీ మళ్ళీ అనుకుంది. గదికి వచ్చాక తమ్ముడికి తనే ఫోన్ చేసింది. అతను పిల్లల గొడవలో ఉన్నాడు, తర్వాత చేస్తానన్నాడు.

వేసవి పోయింది. ఆగస్టు చివరి ఆదివారం రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ముకుందన్ కుడిచెయ్యి చాపి తడుముకుని గేరు రాడ్ పట్టుకున్నాడు.

"నువ్వు క్లచ్ తొక్కు. గేరు నేను మారుస్తా. ఎప్పుడని చెప్పొద్దు."

రెండో గేరులో ఇంజిన్ స్వరం పైకి వెళ్తోంది. ఆమె క్లచ్ తొక్కీ తొక్కకముందే ఆయన చెయ్యి కదిలింది. మూడో గేరు మెత్తగా పడింది. ఊపు ఎక్కడా తెగలేదు. తర్వాత నాలుగు. మళ్ళీ కిందికి, మూడు. కారు ఒక్క కుదుపు లేకుండా ముందుకు దూసుకుపోయింది. దుర్గ నవ్వేసింది. ఈ ఊళ్ళో తను గట్టిగా నవ్వడం అదే మొదటిసారేమో. ఆయన కూడా నవ్వుతున్నాడనుకుని పక్కకు చూసింది.

ఆయన చెయ్యి గేరు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చాలు. ఇంటికి పోదాం."

"ఏమైందండి బాబాయిగారూ?"

ఇంటి ముందు ఆపాక అన్నాడు. "చెయ్యి పెట్టకుండా ఉండాల్సింది పాప్పా. ఇన్ని దినాలు వింటా కూర్చోనుంటి, సరిపోతా ఉండె. ఇప్పుడు మనసు కాలికింద పెడలూ కావాలంటా ఉంది, స్టీరింగూ కావాలంటా ఉంది. ఇంగ నేను ఈ పక్కన కూర్చోలేను."

సెప్టెంబరులో కారు అమ్మేశారు. తిండివనం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి తీసుకెళ్ళింది. ఆ సంగతి ఫోన్‌లో చెబుతూ సౌభాగ్యం, "ఆయన వాకిలి దాకా కూడా రాలే మా. కారు సత్తం మాత్రం విన్నాడు, వీధి మలుపు తిరిగేదాకా," అంది. ఇంక రావద్దని అనలేదు, రమ్మనీ అనలేదు.

తర్వాతి ఆదివారం దుర్గ పది గంటల దాకా గదిలోనే ఉంది. బట్టలు ఉతికింది. ఎండలో ఆరేసింది. పదకొండుకు బస్సెక్కింది.

ముకుందన్ వరండాలో కుర్చీలో ఉన్నాడు. ఆమె అడుగుల చప్పుడుకి తల తిప్పాడు. కుశలం అడిగాడు, చెప్పింది. ఆ తర్వాత ఇద్దరికీ మాట లేకపోయింది. వాళ్ళు ఎప్పుడూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోలేదు. ఇద్దరూ ఒకే వైపు చూస్తూ, మధ్యలో ఇంజిన్ మోగుతూ ఉంటేనే వాళ్ళకు మాటలు వచ్చేవి. సౌభాగ్యం కాఫీ తెచ్చింది. కాఫీ అయిపోయింది. రావడం తప్పయిందేమో, తర్వాతి బస్సెప్పుడో అని దుర్గ ఆలోచిస్తోంది.

"ఈ వారం ఏమేం బండ్లు నడిపినావు?" అన్నాడాయన ఉన్నట్టుండి.

"చాలానేనండి. గురువారం ఒక నల్లది వచ్చింది. అదీ టర్బోనే. మనదానికన్నా పెద్ద ఇంజిన్, గేర్లు అదే మార్చుకుంటుంది."

"ఎట్లుండె?"

ఆమె కళ్ళు మూసుకుని ఆ పది నిమిషాలూ గుర్తు తెచ్చుకుంది.

"తొందరెక్కువండి దానికి. కాలు పెడితే ఒక క్షణం ఆలోచిస్తుంది, అంతే, ఉన్న బలమంతా ఒక్కసారే తెచ్చి కుమ్మరిస్తుంది. వానకి రోడ్డు తడిగా ఉంది కదండీ, ముందు చక్రాలు పట్టు దొరక్క గింజుకున్నాయి. స్టీరింగ్ చేతిలో మెలికలు తిరిగింది. నాకు భయమేసిందండి. మనదైతే ముందు చెప్పి వచ్చేది. ఇది చెప్పదు."

"ఎన్ని వేలలో?"

"రెండు దాటగానేనండి."

"కాలు కొంచెం కొంచెంగా పెట్టి చూసినావా?"

"చూశానండి. అప్పుడు బుద్ధిగానే ఉంది. సగం తొక్కేదాకా మామూలు కారే."

ఆయన ముందుకు వంగాడు. పంచె కింద కుడిపాదం వరండా గచ్చు మీద నెమ్మదిగా నొక్కి, ఆగి, ఇంకాస్త నొక్కింది. లోపలి నుంచి వస్తున్న సౌభాగ్యం అది చూసి గుమ్మంలోనే నిలబడిపోయి, వెనక్కి వెళ్ళిపోయింది.

"ఈల?" అన్నాడు.

"వినలేదండి. హడావుడిలో..."

"వినల్లా పాప్పా. వచ్చే తూరి విను."

ఆమె ఇప్పటికీ వెళ్తుంది. ప్రతివారం కాదు, డ్యూటీ లేని ఆదివారాలు. కొన్నిసార్లు ఆయన ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు. కొన్నిసార్లు ఏమీ అడగడు, ఆమె చెప్పినా వినడు. అలాంటి రోజు సౌభాగ్యంతో కలిసి వంటింట్లో కూరగాయలు తరిగి, తొందరగా బస్సెక్కేస్తుంది. వారంలో మిగిలిన ఆరు రోజులూ ఎవరెవరివో కార్లలో ఒక్కతే తిరుగుతుంది. మూడో గేరు పడ్డాక, రోడ్డు ఖాళీగా కనపడితే, పక్కన ఖాళీ సీటు వైపు చూడకుండా పైకే చెబుతుంది: ఇప్పుడు పదిహేను వందలు, ఇంకా రాలేదండి, ఇంకా రాలేదు, ఇదిగో వస్తోంది.